ఇల్లు చేరని వీరగాథలు

1966 జనవరి 12వ తేదీన అమెరికా దేశమున ‘బ్యాట్‌మన్’ అను టెలివిజన్ వీరగాథ ప్రారంభమయ్యెను. గబ్బిలపు వేషము ధరించి, ముసుగు మాటున నుండి, దుర్మార్గుల బారినుండి తన నగరమును కాపాడు నొక ధనికుని కథ యది. ఆడమ్ వెస్ట్ అను నటుడు ఆ వేషము వేసెను. 1968 మార్చి 14వ తేదీతో కథ ముగియునప్పటికి 120 భాగములు ప్రసారమైనవి. ఆ 120 భాగములును డిస్కుల రూపమున విక్రయమునకు వచ్చి, జనుల యిండ్లు చేరినది 2014 నవంబరు 11వ తేదీన. నడుమ గడచినవి నలువదియాఱు సంవత్సరములు. తొలి ప్రసారమును చూచిన బాలురు తాతలైన పిదప గాని ఆ కథ వారి బీరువాలోనికి రాలేదు.

ఈ జాప్యమునకు హేతువు కోరువారు లేకపోవుట కాదు. యంత్రము లేకపోవుటయు కాదు. ఇంటియందు చిత్రములు చూచుకొను క్యాసెట్టు 1975-76 సంవత్సరములనాటికే విపణిలోనికి వచ్చినది. కథను చిత్రించినది ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ వారు. కథలోని పాత్రలు డి.సి. కామిక్స్ వారివి, ఆ సంస్థ వార్నర్ వారి క్రిందికి పోయినది. ఫిలిము ఒకరి చేతిలో, పాత్ర వేఱొకరి చేతిలో. చేను ఒకని పట్టాలోను, ఆ చేనికి నీరు వచ్చు బోదె మఱియొకని పట్టాలోను ఉన్నచో పంట యేమగునో మన డెల్టా రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అదే నటులతో 1966లో ఫాక్స్ వారే తీసిన చలనచిత్రము మాత్రము ముందుగనే వీడియోగా లభించినది. టెలివిజన్ కథ మాత్రము చిక్కులోనే పడియుండెను. తుదకు ఉభయపక్షములు నొక యంగీకారమునకు రాగా వార్నర్ వారు డిస్కులను వెలువరించిరి.

ఎక్కడి గబ్బిలపు వీరుడు, ఎక్కడి విజయవాడ యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఆ వీరుని యందు మాకు ప్రత్యేకమైన మమకారము లేదు. కాని ఆ డిస్కుల చరిత్రనుండి మనము నేర్వవలసిన పాఠ మొకటి కలదు. ప్రసారము వేఱు, ప్రచురణము వేఱు. ప్రసారము తిరునాళ్ళలో హరికథ వంటిది. విన్నవారు విందురు, తెల్లవారునప్పటికి పందిరి విప్పుదురు. ప్రచురణము ఇంటిలోని భారతము వంటిది. తండ్రి చదివిన ప్రతినే కుమారుడు చదువును, మనుమడును చదువును. ఏ జాతి తన వీరగాథలను ప్రసారమునకే వదలి ప్రచురింపక యుండునో, ఆ జాతి వాని నెప్పుడో యొకప్పుడు పోగొట్టుకొనును. ఇంగ్లండు దేశమున బి.బి.సి. వారు 1963లో ప్రారంభించిన ‘డాక్టర్ హూ’ అను అద్భుతకథయొక్క తొలినాటి భాగములను అనేకము తామే చెఱపివైచిరి. టేపులు ఖరీదైనవి గనుక, ఒకదానిపై మఱియొకటి యెక్కించుకొనిరి. పోయిన భాగముల సంభాషణలైనను నేడు వినుటకు వీలగుచున్నదన్నచో, అది ఆ సంస్థవారి జాగ్రత్తచే గాదు. ప్రసారసమయమున కొందఱు ప్రేక్షకులు తమ యిండ్లలో శబ్దమును టేపులపై పట్టియుంచుటచేతనే. కోశాగారము పోగొట్టినదానిని గృహము నిలిపినది.

ఇక మన సంగతి విచారింతము. ఆంధ్రులకు చలనచిత్రవిద్యను చూపినవారిలో అగ్రగణ్యులు రఘుపతి వెంకయ్యగారు. వారు 1869లో మచిలీపట్టణమున జన్మించిన కృష్ణాజిల్లావారు. వారును, వారి కుమారులు ప్రకాశ్‌గారును 1921 ప్రాంతమున చెన్నపట్టణమునందు ‘భీష్మ ప్రతిజ్ఞ’ యను మూకచిత్రమును నిర్మించిరి. అదే 1921లో పోతిన శ్రీనివాసరావుగారు బెజవాడలో మారుతీ సినిమాశాలను కట్టించిరి. శాల వచ్చినది, చిత్రము వచ్చినది, ప్రేక్షకులును వచ్చిరి. కాని ఆ ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు చూతమన్న నెచ్చటను లేదు. హెచ్.ఎం. రెడ్డిగారు తీసిన తొలి తెలుగు శబ్దచిత్రము ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలయ్యెను. దాని ప్రతియు నేడు లభించుట లేదు. తండ్రికై రాజ్యమును విడిచినవాడు భీష్ముడు. తండ్రి పెట్టిన హింసలను చిఱునవ్వుతో సహించినవాడు ప్రహ్లాదుడు. ఇరువురును స్వేచ్ఛకు, సత్యమునకు నిలిచిన వీరులే. మన తెఱపై తొలుత నిలిచిన యీ యిరువురి రూపములనే మనము నిలుపుకొనలేకపోతిమి. ఇంతకంటె విచారకరమైన సంగతి యేమి కలదు?

తరువాతివి కొన్ని బ్రతికినవి. అవి బ్రతుకుటలో మన యిండ్ల పాలెంత యో గమనింపదగియున్నది. విజయా సంస్థవారి ‘పాతాళభైరవి’ 1951లోను, ‘మాయాబజార్’ 1957లోను విడుదలయ్యెను. తోటరాముడై సాహసములు చేసిన నందమూరి తారకరామారావుగారిది నిమ్మకూరు. మాంత్రికుడై భయపెట్టి, ఘటోత్కచుడై అలరించిన ఎస్.వి. రంగారావుగారు నూజివీడున జన్మించినవారు. గానమునకు ఘంటసాల వెంకటేశ్వరరావుగారిది గుడివాడ చెంత చౌటపల్లి. నాగిరెడ్డిగారితో కూడి సంస్థను నడపిన చక్రపాణిగారిది తెనాలి. కృష్ణానది కిరుప్రక్కల పంటకాలువల వెంబడి పుట్టినవారే మన తెఱవీరులకు కండయు, కంఠమును ఇచ్చిరన్నమాట. శరీరమును పెంచుట, ఆకాశమున నెగురుట, మాయారూపములు దాల్చుట మొదలగు శక్తులను పాశ్చాత్యులు తమ బొమ్మలకథల వీరులకు కల్పించుకొనిరి. మనకవి పురాణములనుండియు, పేదరాసి పెద్దమ్మ కథలనుండియు తరతరములుగ వచ్చుచున్నవే.

1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగిన పిమ్మట రంగుల టెలివిజన్, దాని వెంట వీడియో యంత్రము మన పల్లెలకు వచ్చినవి. అద్దెకు యంత్రమును, నాలుగైదు క్యాసెట్టులను తెచ్చి, వీథియరుగుపై పెట్టి, తెల్లవాఱులు వాడవారెల్లరు కూడి చూచుట ఆనాటి సంక్రాంతి ముచ్చట. గాంధీనగరమునందలి చిత్రపంపిణీదారులు దానిని చూచి భయపడినది సహజము. పెట్టె పల్లెకు పోకముందే క్యాసెట్టు పోయినచో, శాలలో టిక్కెట్టు కొనువారెవరు? దొంగప్రతులు ప్రబలెను. 1984లో పార్లమెంటు కాపీరైటు శాసనమును సవరించి, వీడియో చిత్రములను చలనచిత్రములలో చేర్చి, శిక్షలను పెంచెను. ఐనను ఆ క్యాసెట్టే ప్రాతచిత్రములకు మేలొనర్చినది. శాలలో మఱల ఆడునను ఆశ లేని చిత్రములు ఇండ్లలో ఆడినవి. చిత్రము విడుదలయైన నాటికి పుట్టని బాలురు ఘటోత్కచుని భోజనమును చూచి నవ్విరి.

క్యాసెట్టు పోయి డిస్కు వచ్చెను. 2007 ప్రాంతమున మోసర్‌బేర్ సంస్థవారు వి.సి.డి.ని 28 రూపాయలకు, డి.వి.డి.ని 34 రూపాయలకు విక్రయింపసాగిరి. దొంగప్రతి వెలకే నిజప్రతి దొరకినందున సామాన్య గృహస్థుడు సైతము పది చిత్రములు కొని దాచుకొనగలిగెను. దొంగతనమునకు మందు శిక్ష యొక్కటియే కాదు, న్యాయమైన వెల యనియు ఆ ప్రయత్నము నిరూపించినది. 2010లో హైదరాబాదునందలి గోల్డ్‌స్టోన్ సంస్థవారు ‘మాయాబజార్’ చిత్రమునకు రంగులద్ది శాలలలో విడుదల చేయగా, ఏబదిమూడేండ్ల ప్రాత చిత్రమును చూచుటకు జనులు కుటుంబసహితముగ వచ్చిరి. ఆ జనులకు ఘటోత్కచుని పరిచయము చేసినదెవరు? ఇంటనున్న క్యాసెట్టు, ఇంటనున్న డిస్కు.

చలనచిత్రముల స్థితి యిట్లుండగా టెలివిజన్ వీరగాథల స్థితి యింకను దుర్బలము. 1988 అక్టోబరు 2వ తేదీనుండి 1990 జూన్ 24వ తేదీ వఱకు దూరదర్శన్‌లో బి.ఆర్. చోప్రాగారి ‘మహాభారత్’ ప్రసారమయ్యెను. ఆదివారపు ప్రొద్దున విజయవాడ బజారులు నిర్మానుష్యములగుట ఆనాటివారందఱు నెఱిగినదే. అందు భీష్ముడైన ముఖేశ్ ఖన్నాగారే 1997 సెప్టెంబరు 13వ తేదీన ‘శక్తిమాన్’ అను వేషముతో మఱల వచ్చిరి. మన దేశపు టెలివిజన్ వీరులలో బాలుర నంతగా ఆకర్షించినవాడు వేఱొకడు లేడు. పగలు గంగాధరుడను పేర ఒక వార్తాపత్రికలో ఛాయాచిత్రములు తీయు అమాయకుడు. ఆపద కలిగినప్పుడు గిఱ్ఱున తిరిగి యెగురు వీరుడు. అతని శక్తి యంత్రమునుండి వచ్చినది కాదు, అన్యలోకమునుండి ఊడిపడినది కాదు. యోగసాధనచే, చక్రముల జాగృతిచే వచ్చినదని కథ. కథాంతమున బాలురకు నీతులు చెప్పుటయు కలదు. హిందీభాష రాని మన బాలురు సైతము ఆ కథను చూచి అర్థము చేసికొనిరి. వేషము వారికి క్రొత్త గాని, అందలి భావము క్రొత్తది కాదు.

ఆ కథ 2005లో ముగిసెను. 2020లో మహమ్మారి నిర్బంధమున దేశమెల్ల ఇండ్లలో కూర్చున్నప్పుడు దూరదర్శన్‌వారు ‘రామాయణ్’, ‘మహాభారత్’, ‘శక్తిమాన్’ కథలను మఱల ప్రసారము చేసిరి. ముప్పదియేండ్ల క్రింద తల్లిదండ్రులు చూచినదానినే పిల్లలు చూచిరి. ఆ కథల ప్రతులను నిలుపుకొన్నవారుండుటచే గదా యది సాధ్యమైనది! ఇదే ప్రశ్నను తెలుగు టెలివిజన్ కథలను గూర్చి వేసికొందము. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో ప్రారంభమయ్యెను. ఈటీవీ 1995 ఆగస్టు 27వ తేదీన వచ్చినది. నాటినుండి నేటివఱకు తెలుగున ప్రసారమైన నాటికలు, పౌరాణికములు, జానపదములు, బాలకథలు అసంఖ్యాకములు. వానిలో డిస్కుగ వెలువడి ఒక సామాన్యుని బీరువాలో నిలిచిన వెన్ని? వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. అయస్కాంతపు టేపు శాశ్వతము కాదు. మన సముద్రతీరపు ఉక్కకు, తేమకు బూజు పట్టును, పూత రాలును. టేపు నిలిచినను దానిని ఆడించు యంత్రము నిలువదు.

నేడు ఓటీటీ సంస్థలు వచ్చినవి గదా, అన్నియు అందే యుండునుగదా యని కొందఱందురు. 2024 జనవరి 12వ తేదీన విడుదలయైన ‘హనుమాన్’ అను తెలుగు వీరచిత్రము మార్చినాటికే అంతర్జాలమార్గమున ఇండ్లు చేరినది. అది సంతోషమే. కాని చందా కట్టి చూచుటకును, ప్రతిని కొనుటకును గల భేదము భూమిగలవారికి సులభముగ బోధపడును. మొదటిది కౌలు, రెండవది క్రయము. కౌలుదారు చందా మానిననాడు చేను పోవును. అంతకంటె చిత్రమేమనగా, చందా మానకున్నను, సంస్థకును హక్కుదారునకును గల ఒడంబడిక ముగిసిననాడు చిత్రము చెప్పకయే మాయమగును. మోసర్‌బేర్ సంస్థకు 2018లో లిక్విడేషన్ ఉత్తరువు వచ్చినది. ఐనను దానివద్ద 28 రూపాయలకు కొన్న డిస్కు కొన్నవాని యింట నేటికిని అతనిదే. ఓటీటీ సంస్థ యేదేని మూతపడినచో చందాదారునికి మిగులునది రసీదు మాత్రమే.

నిర్మాతల కష్టము మే మెఱుగనిది కాదు. డిస్కు వెలువరించిన మఱునాడే దొంగప్రతి అంతర్జాలమునకెక్కును; పెట్టుబడి రాదు; మే మెందుకు ప్రచురింపవలెనని వారి వాదము. న్యాయమే. కాని ప్రచురింపకుండుటచే దొంగతనము ఆగినదా? నిజప్రతి దొరకనిచోటనే దొంగప్రతి రాజ్యమేలును. మసకబారిన, సగము కోసిన ప్రతులే నేడు ప్రాత తెలుగు కథలకు దిక్కగుచున్నవన్నచో, దానికి హక్కుదారుల మౌనమును కొంత కారణము.

శాసనము కాలావధిని విధించియే యున్నది. చలనచిత్రముపై హక్కు మొదట 50 సంవత్సరములుగ నుండ, 1992 సవరణచే 60 సంవత్సరములైనది. ఆ లెక్కను ‘పాతాళభైరవి’ చిత్రముపై హక్కు 2011 సంవత్సరాంతముతోను, ‘మాయాబజార్’ చిత్రముపై హక్కు 2017 సంవత్సరాంతముతోను తీరినవి. ఐనను అందలి మాటలయందు, పాటలయందు గల హక్కు వేఱు; అది రచయిత మరణానంతరము 60 సంవత్సరములు నిలుచును. పింగళి నాగేంద్రరావుగారు 1971లో దివంగతులైనందున వారి రచనలపై హక్కు 2031 వఱకు నడచును. చేను సర్కారుదైనను చెట్లు మఱియొకరివైనట్లు! దీనిని మించిన చిక్కు మఱియొకటి కలదు. శాసనము హక్కును విడుదల చేయగలదు గాని, పోయిన ఫిలిమును పుట్టింపలేదు. గడువు తీరునప్పటికి మంచి ప్రతి యొక్కటియు మిగులనిచో, ప్రజల కబ్బిన స్వాతంత్ర్యము శూన్యభాండమే.

కాబట్టి చేయవలసినదేమి? మొదటిది, నిర్మాతలు, ప్రసారసంస్థలు క్రొత్తగ కుదుర్చుకొను ఒడంబడికలలో గృహప్రచురణ హక్కు ఎవరిదో, ఎన్నేండ్లలో ప్రచురింపవలెనో స్పష్టముగ వ్రాసికొనవలెను. అమెరికావారి నలువదియాఱేండ్ల తగాదాకు మూలము, టెలివిజన్ కథ యొకనాడు ఇంటిలో అమ్ముడుపోవునని 1966లో తలంపకపోవుటయే. నేడు మనకా సాకు లేదు.

రెండవది, 1954లో పార్లమెంటు గ్రంథసమర్పణ శాసనమును చేసినది. దేశమున అచ్చగు ప్రతి గ్రంథమును ప్రకాశకుడు నియమితములైన గ్రంథాలయములకు ఉచితముగ పంపవలెను. 1956లో వార్తాపత్రికలను అందు చేర్చిరి. చలనచిత్రములకును, టెలివిజన్ కథలకును ఆ శాసనము వర్తింపదు. నాలుగు పుటల కరపత్రమునకు గల భద్రత, కోట్ల జనులు చూచిన కథకు లేకపోవుట వింత గదా! ఈ లోపమును సవరింపవలెనని మన పార్లమెంటు సభ్యులు కోరవలెను. ప్రజాధనముతో దూరదర్శన్‌వారు తీసిన తెలుగు కథలు ప్రజలవే; వానిని సరసమైన వెలకు ప్రచురించుట ఆ సంస్థకు దానము కాదు, విధి.

మూడవది, ఒక్కచోట దాచుట చాలదు. 2003 జనవరిలో పూనా చలనచిత్రసంస్థ ఆవరణమున అగ్నిప్రమాదము జరిగి అనేక ప్రాచీనచిత్రముల నైట్రేటు ఫిలిములు దగ్ధమయ్యెను. మన పూర్వులకు తాటాకు గ్రంథము నిలిచినది కోటలో నుండుటచే గాదు, నూఱిండ్లలో నుండుటచే. ఒక యింట చెదలు తినగా మఱియొక యింట నిలిచినది. ఇట్టి పనికి మన ప్రాంతము క్రొత్త కాదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయసభ సమావేశమైనది బెజవాడలో; అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషి లోకవిదితము. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి–కొల్లూరుల నడుమ కృష్ణ కాలువపై పడవలో గ్రంథములను పంపి, ఒడ్డుననున్న పల్లెలన్నింటికి చదువు నందించిరి. పడవపై పుస్తకమును పంపిన డెల్టాకు, గ్రంథాలయములో డిస్కును నిలుపుట కష్టమా? ప్రతి పట్టణగ్రంథాలయమునందును న్యాయముగ కొన్న తెలుగు చిత్రముల, కథల డిస్కుల కొక బీరువా, వానిని చూచుట కొక యంత్రము ఉండవలెనని మా సూచన.

ఇక గృహస్థుల కొకమాట. మేడపై కొట్టులో ప్రాత క్యాసెట్టులు, డిస్కులు పడియున్నవని, చోటు చాలదని, యంత్రము లేదని వానిని పాతసామానులవానికి వేయుచున్నారు. వేయకుడు. ముందొకసారి పేర్లు చూడుడు. ఏ దూరదర్శన్ నాటికయో, ఏ బాలకథయో ప్రసారసమయమున మీ యింట పట్టియుంచినదై, వేఱెచ్చటను మిగులనిదై యుండవచ్చును. తేమ తగులనిచోట నిలువుగ నుంచుడు. ‘భీష్మ ప్రతిజ్ఞ’ను తీసిన మహనీయుని కన్న జిల్లా మనది. ఆ చిత్రము తీసిననాడు ఇంట దాచుకొను సాధనము లేదు గనుక పోయినదని సరిపెట్టుకొంటిమి. సాధనము లున్న దినములలో పోగొట్టుకొన్నచో, రాబోవు తరమువారికి మనము చెప్పదగిన సమాధాన మేమియు నుండబోదు.